స్తనశస్త్రచికిత్స – దాంపత్యధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలో వ్యాధినిగూర్చిన ప్రసంగమేమి యని కొందఱు శంకింపవచ్చును. గ్రంథాలయమునకు వచ్చు పాఠకులు కావ్యములు చదువుదురు, పురాణములు చదువుదురు, పత్రికలు చదువుదురు. ఒకనాడు ఇంటిలో భార్య రొమ్మున గడ్డ కానవచ్చినదనుకొందము. ఆనాడు ఆ చదివినదంతయు భర్తకు ఏమి యుపకరించును? ఈ ప్రశ్నకు బదులు చెప్పలేని చదువు అలంకారమాత్రమే యగును. కావున నీ విషయము గ్రంథాలయ సభకు తగినదే. స్త్రీలున్న సభలో ఇట్టి మాట యాడరాదను సంకోచము కూడ కొందఱికుండవచ్చును. ఆ సంకోచమే యీ వ్యాధికి మొదటి సహాయకారి యని కొంత సేపటిలో తేటపడగలదు.

మన పెద్దలు రాచపుండు, రాచకురుపు అని పిలిచిన వ్యాధియే క్యాన్సరు. సుశ్రుత సంహితలో అర్బుదమను పేరున కంతులు వర్ణింపబడినవి. శరీరమునందలి కణములు ఒక క్రమమున పుట్టి, పెరిగి, నశించుచుండును. ఆ క్రమము తప్పి కొన్ని కణములు ఆగక పెరిగినచో కంతి యేర్పడును. రొమ్మున పుట్టిన ఆ కంతి ఉపేక్షింపబడినచో దానినుండి కొన్ని కణములు చంకలోని గ్రంథులకును, అచ్చటినుండి ఎముకలు, ఊపిరితిత్తులు, కాలేయము మున్నగు అవయవములకును వ్యాపించును. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2022 సంవత్సరమున ప్రపంచమందు సుమారు 23 లక్షల మంది స్త్రీలకు ఈ వ్యాధి వచ్చినట్లు తేలినది. సుమారు 6 లక్షల 70 వేల మంది దీనిచేత మరణించిరి. భారతదేశమున స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో ఇదియే మొదటి స్థానమున నున్నది. అరుదుగా పురుషులకును వచ్చును.

ఇది అంటువ్యాధి కాదు. పూర్వజన్మపాపమును కాదు. ఎవరి దృష్టి తగిలియు వచ్చినది కాదు. రొమ్మున కానవచ్చు గడ్డలలో పెక్కు క్యాన్సరు గడ్డలు కావు. కాని ఏది అగునో ఏది కాదో చేతితో తడవి చెప్పుట యెవరికిని సాధ్యము కాదు, పరీక్ష చేయవలసినదే. ఈ గడ్డ తఱచుగా మొదట నొప్పి పెట్టదు. నొప్పి లేదు గావున భయము లేదని తలచుట పెద్ద పొరపాటు. చర్మము నారింజ తొక్కవలె గుంటలు పడుట, చనుమొన లోనికి లాగుకొనిపోవుట, దానినుండి రక్తము స్రవించుట, చంకలో బిళ్ళ కట్టుట, ఇవియు గుర్తులే.

స్నానసమయమున చేతికి గడ్డ తగిలిన గృహిణి భర్తతో చెప్పుటకు సిగ్గుపడును. చెప్పినను, పరీక్షించు వైద్యుడు పురుషుడు గదా యని భర్త సందేహించును. కోతలు కానిమ్మని, పండుగ పోనిమ్మని, కుమార్తె పెండ్లి గడవనిమ్మని నెలలు దాటించుదురు. ఆ నెలలలో గోలీయంత గడ్డ నిమ్మపండంత యగును. భార్యాభర్తల నడుమ నుండవలసిన మాట లేకపోవుటచేత, వ్యాధికి దొరికిన గడువు ఇది. కావున ఈ వ్యాధికిని దాంపత్యమునకును సంబంధము శస్త్రచికిత్స నాడు మొదలిడలేదు. గడ్డ చేతికి తగిలిన నాడే మొదలిడినది.

శస్త్రచికిత్స దంపతులను ఎట్లు తాకునో తెలుపు సాక్ష్యములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఆంగ్ల నవలారచయిత్రి ఫ్రాన్సెస్ బర్నీ వ్రాసిన లేఖ. ఆమె 1752లో జన్మించెను. 1793లో అలెగ్జాండర్ దార్బ్లే యను ఫ్రెంచి సేనానిని వివాహమాడెను. దంపతులు పారిసు నగరమున నివసించుచుండగా ఆమె రొమ్మున కంతి యేర్పడెను. నెపోలియను సైన్యమున ప్రసిద్ధి కెక్కిన శస్త్రవైద్యుడు లారే 1811 సెప్టెంబరు 30వ తేదీన ఆమెకు శస్త్రచికిత్స చేసెను. మత్తు వైద్యము అప్పటికి లేదు. ఈథరుతో మత్తు కల్పించి శస్త్రచికిత్స చేయుట బహిరంగముగ చూపబడినది 1846లోనే. ఆమెకు త్రాగుటకు కొంత ద్రాక్షాసవము మాత్ర మిచ్చిరి. నల్లని దుస్తులు ధరించిన ఏడుగురు పురుషులు గదిలోనికి వచ్చిరి. ముఖముపై పలుచని చేతిగుడ్డ కప్పిరి. ఆ గుడ్డలోనుండి కత్తి మెఱయుట ఆమెకు కానవచ్చెను. కట్టు కట్టుటతో కలిపి ఇరువది నిమిషములు ఆమె మత్తు లేకయే అనుభవించెను.

ఇందు మన ప్రస్తావనకు ముఖ్యమైనది వేఱొకటి కలదు. వైద్యులు వచ్చుచున్నారను కబురు ఆమెకు ఆనాడే, రెండు గంటలు ముందుగా మాత్రమే అందెను. అంతటి భయములోను ఆమె మొదట చేసిన పని, భర్త ఆ సమయమున ఇంటికి రాకుండ, ఉద్యోగపు పనిమీద బయటనే యుండునట్లు ఏర్పాటు చేయుట. అతడు చూచి తాళలేడని ఆమె తలచినది. ఆ తరువాత కొన్ని నెలలకు సోదరికి ఆ వృత్తాంతమును వ్రాసినది. వ్రాసిన దానిని తిరిగి చదువుకొనుటకు సైతము ఆమెకు ధైర్యము చాలలేదు. ఆ లేఖ చివర భర్త కొన్ని పంక్తులు చేర్చెను. ఈ వివరములన్నియు అంతవఱకు తనకు తెలియవనియు, చదివి ప్రాణము పోయినంత పని యైనదనియు ఆ పంక్తుల భావము. ఒకే ఇంటిలో నున్న భర్తకు భార్య బాధ, ఆమె సోదరికి వ్రాసిన ఉత్తరము చదివిన పిమ్మట తెలిసినది. ప్రేమ లేక జరిగినది కాదు. ప్రేమ మిక్కుటమై జరిగినది. బర్నీ 1840 వఱకు జీవించెను. శస్త్రచికిత్స ఆమెకు ఇరువది యెనిమిది సంవత్సరముల ఆయువు నిచ్చినది. భర్త 1818లోనే గతించెను.

మత్తు వైద్యము వచ్చిన పిమ్మట శస్త్రవైద్యుల సాహసము పెరిగినది. అమెరికా దేశమున బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ వైద్యాలయపు విలియం హాల్‌స్టెడ్డు, స్తనముతోపాటు క్రిందనున్న ఛాతి కండరములను, చంకలోని గ్రంథులను కూడ తొలగించు పద్ధతిని స్థిరపఱచి 1894లో ఫలితములు ప్రకటించెను. ఈ వైద్యునిగూర్చి ఒక చక్కని వృత్తాంతము కలదు. అతని శస్త్రచికిత్సాలయమున పనిచేయు కారొలీన్ హాంప్టన్ అను నర్సు చేతులు, క్రిమిసంహారక ద్రావకము వలన పొక్కుచుండెడివి. అది చూచి అతడు ఒక రబ్బరు కంపెనీ చేత పలుచని చేతితొడుగులు చేయించెను. 1890లో ఆమెనే వివాహమాడెను. ఒక స్త్రీ చేతుల పొక్కులను చూచి సహింపని ఆ వైద్యుడే, ప్రాణము నిలుపుటకై వేలకొలది స్త్రీల ఛాతిని ప్రక్కటెముకలు కానవచ్చునట్లు చేయు పద్ధతికి కర్త యయ్యెను. అతనికి నిర్దయ యని చెప్పరాదు. కంతి మఱల అచ్చటనే లేవకుండ చేయుటకు ఆనాడు తోచిన మార్గ మదియే. కాని ఆ స్త్రీలు చేయి వాచి, భుజము లేవక, ఇంటికి పోయి ఎట్లు కాపురము చేసిరను ప్రశ్న చాలకాలము ఎవరును అడుగలేదు.

ఆ ప్రశ్నను అడిగిన తరువాతనే వైద్యము మాఱినది. అమెరికాలో బెర్నార్డు ఫిషరు, ఇటలీలో ఉంబెర్టో వెరొనేసి అను వైద్యులు స్త్రీలను తెగలుగా చేసి, ఒక తెగకు స్తనమును పూర్తిగ తొలగించియు, వేఱొక తెగకు కంతిని, దాని చుట్టునున్న కొంత భాగమును మాత్రము తొలగించి కిరణచికిత్స చేసియు పోల్చిచూచిరి. వెరొనేసి తొలి ఫలితములు 1981లోను, ఫిషరు ఫలితములు 1985లోను వెలువడినవి. ఇరువురి ఇరువదియేండ్ల ఫలితములు 2002లో ప్రకటితములైనవి. రెండు తెగల స్త్రీల ఆయువునందును చెప్పుకొనదగిన భేదము లేదు. అనగా తొలిదశలో వైద్యుని చేరిన పెక్కుమందికి స్తనమును పోగొట్టుకొనవలసిన అవసరమే లేదు. సిగ్గుచే దాచిన గడ్డయే అవయవమును తీసికొనిపోవుచున్నది. ఆలస్యముగ వచ్చినవారికి నేటికిని పూర్తిగ తొలగించుట తప్పదు.

ఇక తొలగింపబడిన తరువాత గృహమున జరుగునది చూతము.

మన ప్రబంధకవులు నాయికను శిరస్సు మొదలు పాదముల వఱకు వర్ణించిరి. కురులకు మేఘములు, స్తనములకు కలశములు, గిరులు, జక్కవలు ఉపమానములైనవి. ఆ పద్యములు రసవంతములు కావని యెవరనగలరు? కాని వానిని చదివి పెరిగిన పురుషుడును, వానిని విని పెరిగిన స్త్రీయును తెలియకయే ఒక కొలబద్దను మనస్సున నిలుపుకొనిరి. ఆ కొలబద్ద ప్రకారము ఒక అవయవము పోయిన గృహిణి, తాను వర్ణనలోనుండి తొలగింపబడినట్లు తలపోయును. అద్దమును గోడవైపునకు త్రిప్పును. దీపమార్పి రవిక మార్చుకొనును. పేరంటములకు పోదు. మందులవలన జుట్టు రాలినచో ఆ దుఃఖము రెట్టింపగును. బిడ్డలకు పాలిచ్చిన తావు అది యని తలచి యొక్కతె యున్నప్పుడు ఏడ్చును. ఇది అలంకారప్రియత్వము కాదు. శరీరములో భాగము పోయినవారి సహజశోకము. మరణశోకమువలె దీనికిని కాలము కావలెను.

అయితే మన దేశపు వాఙ్మయము ఒక కొలబద్దనే యిచ్చినదనుకొనరాదు. తమిళుల శిలప్పదికారమున కన్నగి, నిరపరాధియైన భర్తను రాజు చంపించినప్పుడు, తన యెడమ స్తనమును తానే పెఱికివైచి మధురానగరమును దహించినది. ఒంటిస్తనముతో నిలిచిన ఆమెయే పతివ్రతలకు దేవత యైనది. సింహళమున నేటికిని పత్తిని యను పేర పూజ లందుచున్నది.

నలదమయంతుల కథ యింకను దగ్గఱిది. శ్రీనాథుని శృంగారనైషధము శ్రీహర్షుని సంస్కృత కావ్యమునకు తెలుగు సేత. అందు హంస రాయబారము, స్వయంవరము, వివాహము, నవదంపతుల విహారము కలవు. కావ్యము అచ్చట ముగియును. జూదము, అడవి, వియోగము అందు లేవు. ఆ మిగిలిన కథ కావలెనన్నచో నన్నయ తెనిగించిన భారతారణ్యపర్వమును తెఱవవలెను. మన యువకులు పెక్కుమంది దాంపత్యమును నైషధము వఱకే చదివి గ్రంథము మూసివేయుచున్నారు. సంసారము అచ్చట ముగియదు.

అరణ్యపర్వమున కర్కోటకుని కాటుచే నలుడు కుఱుచచేతుల వికృతరూపుడై, బాహుకుడను పేర అయోధ్యలో ఋతుపర్ణుని కొలువున చేరెను. విదర్భకు వచ్చిన ఆ బాహుకుని రూపమును చూచి యెవరును నలుడనుకొనలేదు. దమయంతి మాత్రము రూపముతో తృప్తి పడలేదు. చెలికత్తెను పంపి అతని నడవడి తెలిసికొనెను. అతడు వండిన వంటకమును తెప్పించి రుచి చూచెను. బిడ్డలను అతని యెదుటికి పంపెను; అతడు వారిని కౌగిలించుకొని కన్నీరు విడిచెను. నలునికి మునుపటి రూపము మఱల వచ్చుటకు ముందే దమయంతి అతనిని గుర్తించినది. ఈ ముందే యను మాటలో దాంపత్యధర్మమంతయు నున్నది.

సావిత్రి, సుకన్య, దమయంతి – మన పురాణములు ఈ పరీక్షను తఱచుగా స్త్రీకే పెట్టినవి. వృద్ధుడైనను, అంధుడైనను, అల్పాయుష్కుడైనను, రూపము చెడినను భర్తను విడువని స్త్రీలను మనము పూజించుచున్నాము. స్తనశస్త్రచికిత్స అదే పరీక్షను పురుషునకు పెట్టుచున్నది. రూపము మాఱినది భార్యకు, గుర్తించవలసినవాడు భర్త.

పురుషులు ఈ పరీక్షలో నెగ్గుచున్నారా? లెక్కలు చూడవచ్చును. 2009లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, మెదడు కంతులును, ఇతర క్యాన్సరులును, మల్టిపుల్ స్క్లీరోసిస్ అను నరముల వ్యాధియు గల 515 మంది రోగుల వివాహములను పరిశీలించిరి. భర్త రోగియైనప్పుడు నూటికి 2.9 వివాహములు విడిపోయినవి. భార్య రోగియైనప్పుడు నూటికి 20.8 విడిపోయినవి. ఇది ప్రత్యేకముగ స్తనవ్యాధిని గూర్చిన లెక్క కాదు. అయినను పురుషులు తల వంచుకొనవలసిన లెక్కయే. వేఱొక ప్రక్క, డెన్మార్కు దేశమున 2007లో ప్రకటించిన పరిశోధనలో స్తనక్యాన్సరు వచ్చిన స్త్రీలకు విడాకుల ప్రమాదము ఇతరులకంటె అధికము కాదని తేలినది. కావున వ్యాధి వచ్చినంత మాత్రమున కాపురము కూలునను భయము అక్కఱలేదు. కాని విడాకులు లేని ప్రతి కాపురమును మంచి కాపుర మనుకొనుటకును వీలులేదు. మన గ్రామములలో ఇల్లు విడిపోదు. ఇంటిలోపల మనుష్యులు విడిపోవుదురు. ఆ విడిపాటు ఏ కచేరీ లెక్కలలోను చేరదు.

అది యెట్లు జరుగునో ఒక రైతు దంపతుల నూహించుకొని చూతము. భార్యకు నలువది యైదేండ్లు. పట్టణమున శస్త్రచికిత్స జరిగి యింటికి వచ్చినది. ఆమెకు నిద్ర చెడునేమో, నిద్రలో తన చేయి గాయమునకు తగులునేమో యని భర్త తన మంచమును అరుగు మీదికి మార్చుకొనెను. అతని మనస్సున నున్నది జాలి. లోపలి గదిలో ఆమె విన్నది మంచము లాగిన చప్పుడు. తాను అతనికి ఏవగింపు కలిగించుచున్నానని ఆమె నిశ్చయించుకొనెను. మఱునాడు ఆమె ముభావముగ నుండుట చూచి, నన్ను దగ్గఱకు రానీయ దలచుకొనలేదని అతడు నిశ్చయించుకొనెను. ఇరువురును మందులనుగూర్చి మాటలాడుకొందురు, వైద్యాలయపు ఖర్చునుగూర్చి మాటలాడుకొందురు, పొలము కౌలునుగూర్చి మాటలాడుకొందురు. ఆ యొక్క విషయమును గూర్చి మాత్రము మాటలాడరు. సంవత్సరము గడచును. గాయము మానును. మంచము అరుగు మీదనే యుండును.

బర్నీ దంపతులకు పారిసులో జరిగినదియు, ఈ రైతు దంపతులకు జరిగినదియు ఒక్కటే. ఎదుటివారిని కాపాడుటకై మాట దాచుట.

అదే రైతు మఱియొక విధముగ నడచుకొన్నచో ఏమగునో కూడ ఊహింపవచ్చును. శస్త్రచికిత్సానంతరము గాయము ప్రక్కనుండి ఒక సన్నని గొట్టమును అమర్చి, ఊరు నీరు చిన్న సీసాలోనికి దిగునట్లు చేయుదురు. ఆ నీటిని దినదినము కొలిచి వ్రాసి వైద్యునకు చూపవలెను. తగినంత తగ్గిన పిమ్మట గొట్టము తీసివేయుదురు. ధాన్యపు కొలతలు వ్రాసి యలవాటు పడిన భర్త ఆ లెక్కను తానే వ్రాయుటకు పూనుకొనెను. మొదటి దినమున కట్టు మార్చవలసి వచ్చినది.

“ఏమండీ, మీరు చూడకండి. చిన్నమ్మాయిని పిలవండి,” అనినది ఆమె.

“చూడకపోతే కట్టు ఎట్లా కడతాను?” అని అతడనెను.

చూచెను. కండ్ల నీరు పెట్టుకొనెను. దాచుకొనలేదు. చేతులు కడుగుకొని కట్టు కట్టెను. ఆ క్షణముతో ఆమెలోని సగము భయము పోయినది. ఏలయన ఆమె భయపడినది గాయమునకు కాదు, అతడు చూచు క్షణమునకు. ఆ క్షణమును వాయిదా వేసినకొలది అది పెరుగును. త్వరగా దాటినచో చిన్నదగును. చూచుట భార్యకు ఇష్టము లేనప్పుడు బలవంతము కూడదు. కాని చూచుటకు నేను సిద్ధముగ నున్నానను మాట ఆమెకు తెలియవలెను.

భర్త యెఱుగవలసిన దేహధర్మములు కొన్ని కలవు. శస్త్రచికిత్స జరిగిన తావునను, పై చేతి లోపలి వైపునను చాలకాలము స్పర్శ మొద్దుబారి యుండును. కొందఱికి లేని స్తనము ఉన్నట్లే తోచి నొప్పియు పెట్టును. అది భ్రాంతి యని నవ్వరాదు. తెగిన నరముల లక్షణము. చంకలోని గ్రంథులు తీసిన చేయి వాయుటకు అవకాశ మున్నది. మొదటి వారములలో నిండు బిందెలు మోయుట, బరువులెత్తుట కూడదు. కాని వైద్యాలయమున నేర్పిన వ్యాయామము మానరాదు, మానినచో భుజము బిగిసికొనిపోవును. కావున నీళ్ళు తోడుట, పశువుల పని భర్తయో, ఎదిగిన కుమారుడో చూచుకొనవలెను. పొయ్యి దగ్గఱ కూర్చుండుట పురుషునకు చిన్నతనము కాదు. బాహుకుడై యున్నప్పుడు నలచక్రవర్తి వండలేదా?

మందులచికిత్స సాధారణముగ కొన్ని వారముల కొకసారి చొప్పున నెలల తరబడి సాగును. రాలిన జుట్టు మఱల వచ్చును. కిరణచికిత్సకు వారమున కైదు దినముల చొప్పున కొన్ని వారములు పట్టణమున నుండవలసి వచ్చును. కొందఱు స్త్రీలు హార్మోను మాత్రలను ఐదు మొదలు పదేండ్లు మ్రింగవలెను. వీనివలన ఋతుక్రమము ఆగుట, ఒడలు ఆవిరులు ఎగయుట, శరీరమున పొడితనము, కోరిక సన్నగిల్లుట కలుగవచ్చును. ఆ మార్పును భార్య నిరాకరణముగ భర్త తలపరాదు. ఒక్క పానుపుపై నుండుటవలన వ్యాధి అంటదు, పెరుగదు. ఆమె కోలుకొన్న పిమ్మట దాంపత్యసుఖమునకు ఈ వ్యాధి అడ్డు కాదు. చికిత్సా కాలమున గర్భము రాకుండ చూచుకొనవలెను. దీనిని వైద్యుని స్పష్టముగ నడుగుటలో సిగ్గు లేదు. అన్నిటికంటె ముందు, కోరికకు సంబంధము లేని స్పర్శ యొకటి కలదు. ప్రక్కన కూర్చుండి చేయి పట్టుకొనుట. ఆ స్పర్శ ఆగిపోయిన యింట తక్కిన మందులు సగమే పనిచేయును.

ఇంటి పెద్దలకును ఒక మాట. వ్యాధిగ్రస్తురాలి యెదుట మఱియొక పెండ్లి మాట యెత్తు బంధువులు నేటికిని కలరు. ఆ మాటను వాకిటిలోనే త్రిప్పి పంపుట భర్త కర్తవ్యము. అత్తగారు కోడలి గిన్నెను వేఱుచేయుట అజ్ఞానము. ఎదిగిన కుమార్తెలతో విషయము దాచరాదు. కొన్ని కుటుంబములలో ఈ వ్యాధి వంశానుగతముగ వచ్చును గావున వారును వైద్యుని సలహా పొందవలెను.

భార్యకును ఒక ధర్మము కలదు. తాను భారమైతినని తలచి భర్తను దూరముగ నుంచుటయు ఒక విధమైన అన్యాయమే. అతనికిని భయమున్నది. ఇల్లాలు లేని యిల్లు ఎట్లుండునో అతడు రాత్రులందు తలపోయుచునే యున్నాడు. మగవాడు ఏడ్వరాదను కట్టుబాటు అతని నోరు నొక్కినది. ఆమె తెఱచిన మాట అతనికిని ఔషధము.

మాట తెఱచుటవలన కలుగు మేలు ఒక యింటితో ఆగదనుటకు ఉదాహరణము అమెరికాలో జరిగినది. జెరాల్డ్ ఫోర్డు 1974 ఆగస్టు 9వ తేదీన ఆ దేశమునకు అధ్యక్షుడయ్యెను. రెండు నెలలైనను కాకమునుపే ఆయన భార్య బెట్టీ ఫోర్డునకు రొమ్మున గడ్డ తేలినది. సెప్టెంబరు 28వ తేదీన స్తనమును పూర్తిగ తొలగించిరి. ఆ దినముననే అధ్యక్షుడు వైద్యాలయమునుండి నేరుగ ఒక ఆర్థిక మహాసభకు వచ్చి, గద్గదస్వరముతో భార్య సంగతి సభికులకు తెలిపెను. అప్పటి వఱకు ఆ దేశమున సైతము ఈ వ్యాధి పేరు నలుగురిలో పలుకుటకు జంకెడివారు. దంపతులు దాచకుండుటచేత దేశమంతటను స్త్రీలు పరీక్షలకై బారులు తీరిరి. ఉపాధ్యక్ష పదవికి నిర్దేశింపబడిన నెల్సన్ రాక్‌ఫెల్లరు భార్యకు కొన్ని వారములలోనే ఇదే వ్యాధి బయటపడి శస్త్రచికిత్స జరిగినది. 1948లో వివాహమాడిన ఫోర్డు దంపతులు 2006లో భర్త మరణించువఱకు కలిసి జీవించిరి. బెట్టీ ఫోర్డు 2011లో తన 93వ యేట మరణించెను.

మన ప్రాంతమున కూడ దుఃఖమును లోకోపకారముగ మార్చినవారు కలరు. సోదరి క్యాన్సరుచే మరణింపగా ఆ శోకమును మఱువని డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి కృషిచే 1954లో మదరాసు అడయారున క్యాన్సరు వైద్యాలయము వెలసినది. నందమూరి తారకరామారావు గారి భార్య బసవతారకము గారు 1985లో క్యాన్సరుచే మరణించిరి. ఆమె పేర హైదరాబాదున 2000 సంవత్సరమున వైద్యాలయము ప్రారంభమైనది. భార్య పేరు అచ్చట రోగుల చీటీలపై దినమునకు ఎన్నిమారులు వ్రాయబడునో!

గ్రంథాలయము చేయదగిన పనియు ఒకటి కలదు. కావ్యముల ప్రక్కన ఆరోగ్య గ్రంథములకు ఒక బీరువా యుండవలెను. స్త్రీలు సంకోచము లేక వచ్చి చదువుకొనుటకు వారమున కొక మధ్యాహ్నము కేటాయింపవలెను. ఆ గ్రంథములను భర్తలును తీసికొనిపోవలెను; చందాదారుల పుస్తకమున వారి సంతకము పడినచో అది ఈ ఉత్సవమునకు మంచి ఫలము.

కడపటి మాట. శృంగారనైషధమును చదివినవారు అరణ్యపర్వమును కూడ చదువుదురు గాక. యౌవనమున రూపమును చూచి వరించుట సులభము. రూపము మాఱిన దినమున, ఆమెయే యీమె యని గుర్తించి, అరుగు మీది మంచమును లోనికి తెచ్చుకొనుట కష్టము, అదియే వివాహము. అట్టి గృహస్థులు ఈ గ్రామమున వర్ధిల్లుదురు గాక.

స్వస్తి.